పంజు దగ్గు

“తల నిండా పంజు. అట్నే కొల్లైకి పో. నీళ్ళు పోసుకుని లోపలికి రా.”

సాయంత్రం నేను గేటు తీసిన చప్పుడు వింటే చాలు, మా అత్త సరస్వతమ్మ కూర్చున్న చోటి నుంచే ఈ మాట అనేది. మా రాజపాళయంలో దూదిని తమిళంలో లాగే అందరం పంజనే అంటాం, తెలుగు ఇళ్ళలోనూ అంతే. ఊరంతా స్పిన్నింగ్ మిల్లులు, ఆస్పత్రి కట్టుగుడ్డ నేసే కంపెనీలు. ఎవరి తల చూసినా కాస్త పంజు ఉంటుంది. నేను పని చేసేది సుందరరాజన్ మామ కంపెనీలో, చెకింగ్ సెక్షన్‌లో. కింద లైటు వెలిగే గాజు బల్ల మీద గుడ్డ పరిచి, తెగిన పోగో, మరకో, ముడో ఉంటే పట్టుకుని పక్కన పెట్టాలి. తలకు గుడ్డ కట్టుకున్నా, ముక్కుకు కర్చీఫు కట్టుకున్నా ఆ సన్నని నూగు ఎక్కడో ఒకచోట అంటుకునే వస్తుంది. దానికోసం కొల్లైలో, అంటే పెరట్లో, తడిక చాటున చల్లనీళ్ళు పోసుకుని, కట్టిన చీర దులిపి బకెట్లో నానేసి, నీళ్ళు కారే జుట్టుతో నేరుగా వంటింట్లోకి వెళ్ళి దోసెలు పోయాలి. మార్గళి చలిలోనూ అంతే, నాకు ఒళ్ళు వెచ్చబడ్డ రోజూ అంతే. కోడలు గడగడ వణుకుతూ చట్నీ రుబ్బితే రుచి పెరుగుతుందేమో మరి.

కారణం, మా ఆయన దగ్గుతున్నాడు.

మా ఆయన సెంథిల్ కట్టుగుడ్డ ఏజెంటు. ఇక్కడి కంపెనీల శాంపిళ్ళు పట్టుకుని బొంబాయి వెళ్ళి ఆర్డర్లు తెస్తాడు. మిల్లు లోపల ఒక పూట కూడా పని చేసిన మనిషి కాదు. అలాంటి మనిషికి దగ్గు వస్తే, మా మామ శ్రీరంగన్ వాకిట్లో పేపరు మడిచి తీర్పు చెప్పేశాడు. “పంజు దగ్గు.” మా ఊళ్ళో ఎవరు దగ్గినా పంజు దగ్గే. మిల్లువాడు దగ్గినా, బ్యాంకు మేనేజరు దగ్గినా, చివరికి అయ్యవారు మంత్రం మధ్యలో దగ్గినా పంజే. మేం ఎప్పుడూ చూపించుకునే డాక్టరు కూడా ఊరు చూసి జబ్బు చెప్పే రకం. ఛాతీ మీద గొట్టం పెట్టకముందే “మిల్లా?” అని అడిగాడట. “మిల్లు కాదు డాక్టర్, కోడలు కంపెనీకి పోతుంది” అని మామ చెప్పాడట. పీల్చుకునే మందు రాసిచ్చాడు. అడిగాడట, చెప్పాడట అంటున్నానంటే, నేను ఆ గదిలో లేను. డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్ళినా అత్తా మామా ఆయనతో లోపలికి వెళ్తారు. నేను ఫ్లాస్కు, సంచి పట్టుకుని బయట బెంచీ మీద, వాళ్ళ చెప్పులకు కాపలా.

రోజంతా పంజులో కూర్చునే నాకు దగ్గు లేదు. నా తలమీది నూగు గాలికి ఎగిరి ఆయన ఊపిరితిత్తుల్లోకి ఎలా వెళ్ళిందో ఎవరూ అడగలేదు. “నా మొగుడు ముప్పై ఏండ్లు పంజు బేళ్ళ మధ్యే యాపారం చేసినాడు. నేను ఒక్కనాడు కూడా ఆయన్ను దగ్గనీయలే” అని మా అత్త వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. దగ్గనీయకపోవడం కూడా భార్య చేతిలో పనేనని నాకప్పటిదాకా తెలియదు.

కానీ ఆయన కర్చీఫులు ఉతికేది నేను. పంజు దగ్గితే తెల్లగా, జిగటగా వస్తుంది. మా సెక్షన్‌లో పాతవాళ్ళ దగ్గు నాకు తెలుసు. ఆయన కర్చీఫులో నల్లగా వచ్చేది, పొయ్యి మసి కలిపినట్టు. ఒక్కోసారి దాన్లో ఎర్రటి చారలు. పెదాల మీద చిన్న చిన్న కాలిన పొక్కులు. అడిగితే “కాఫీ వేడిగా ఇచ్చినావు” అన్నాడు. కుడిచేతి బొటనవేలు కొస నల్లబడి గట్టిపడిపోయింది. ప్యాంట్లు నడుం దగ్గర ఎన్నిసార్లు కుదించి కుట్టానో. గిన్నెలు తోమే ఇనుప పీచు కొన్నది కొన్నట్టే మాయమయ్యేది, “మీ అమ్మ ఇంట్లో గిన్నెలు తోముతారా, మింగుతారా?” అని అత్త నన్నే అనేది. ఆయన బొంబాయి నుంచి వచ్చాక వరసగా రాత్రులు కన్ను మూసేవాడు కాదు. తర్వాత పగలూ రాత్రీ తెలియకుండా పడి నిద్రపోయేవాడు, పిలిచినా పలకడు, తిండి ముట్టడు. మెలకువగా ఉన్నప్పుడు కర్టెన్ కొద్దిగా తొలగించి రోడ్డు చూస్తూ నిలబడేవాడు. “ఆ బైకువాడు ఎవడు? నీకోసమే కదా నిలబడినాడు?” ఆ బైకువాడు పాలవాడు, మా పెళ్ళికి ముందునుంచీ వస్తున్నాడు. నా ఫోన్ తీసి చూసేవాడు. సాంబారులో ఏం కలిపినావని అడిగేవాడు. చర్మం కింద ఏదో పాకుతోందని చేతులు రక్తం వచ్చేలా గోక్కునేవాడు.

నేనేం చేశాను? నడక మార్చుకున్నాను. బస్సు దిగాక తల వంచుకుని నడిచాను, పాల గిన్నె అత్త చేత పట్టించాను, కంపెనీలో తోటివాళ్ళు ఫోన్ చేస్తే అందరి ముందూ స్పీకర్ పెట్టాను. మొగుడు అనుమానించాడంటే మన నడకలో ఎక్కడో లోపం ఉందని వెతుక్కునేలా ఎవరు నేర్పుతారో మనకి! పుట్టినప్పుడు చెవిలో చెప్తారేమో. ఈయనేనా, మా పాప యువశ్రీకి సైకిల్ నేర్పిస్తూ వీధి ఆ చివర నుంచి ఈ చివరికి చెప్పుల్లేకుండా పరిగెత్తినవాడు? పాప పడితే తను ఏడ్చినవాడు? నాకు ఆ మనిషి మీద ఎంత బెంగగా ఉండేదంటే, పక్కనే పడుకున్న మనిషి కోసం బెంగపడటం ఏమిటని నా మీద నాకే జాలేసేది.

ఒక మధ్యాహ్నం కంపెనీకి సెలవు. వడియాలు ఎండబెట్టడానికి మిద్దెక్కాను. మిద్దె మీద పాత శాంపిళ్ళు పడేసే చిన్న గది ఉంది. తలుపు సందులోంచి ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది. తోసి చూస్తే ఆయన గోడకు ఆనుకుని కూర్చున్నాడు, చేతిలో వేలెడంత గాజు గొట్టం, దాని కొసలో కుక్కిన మా ఇనుప పీచు, లైటరు. కళ్ళు ఎంత పెద్దవయ్యాయంటే నల్లగుడ్డు తప్ప ఏమీ కనిపించలేదు. బనియన్ కింద గుండె కొట్టుకోవడం గుమ్మంలో నిలబడిన నాకు కనిపించింది.

“ఏమిటండీ ఇది?”

ముందు అరిచాడు. నన్ను ఎవరు పంపించారన్నాడు. తర్వాత మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడ్చాడు.

“బొంబాయిలో సరుకు కొనే పార్టీ ఒకడు ఇచ్చినాడు జెయంతీ. ఊరికే, ఒక్కసారి చూడు అన్నాడు. రాయి మాదిరి ఉంటుంది. కొకైనే, పొగ తాగేది. మొదటిసారి తాగినప్పుడు... నీకెట్ల చెప్పేది? పుట్టినప్పటి నుంచి అంత సంతోషంగా నేను లేనే లేను. అది మళ్ళీ రాలే. ఒక్కసారి కూడా రాలే. దానికోసమే తాగుతా ఉన్నాను.”

“మానెయ్యలేరా?”

“ఛాతీ పట్టేస్తుంది జెయంతీ. చచ్చిపోతానని భయంగా ఉంది. ఆ భయం పోవాలన్నా మళ్ళీ అదే కావాల.” నా చేయి పట్టుకున్నాడు. “ఎవురికీ చెప్పవద్దు. పాప తల మీద ఒట్టు. అమ్మకు తెలిస్తే ఆమె బతకదు.”

ఒట్టు నేను వెయ్యలేదు, ఆయనే వేయించేసుకున్నాడు. నాకోసం ఆయనే నా నోటితో మాట్లాడుకోవడం కొత్త కాదు.

ఆ వారమే అత్తతో అన్నాను. “అత్తా, ఇది పంజు దగ్గు కాదు. పెద్ద ఆస్పత్రిలో చూపిద్దాం.” అత్త కూరగాయలు తరుగుతోంది. తల ఎత్తలేదు. “నువ్వు డాక్టరుకు చదివినావా? పంజు కాదంటే ఇంకేమిమ్మా?” అని, నేను నోరు తెరిచేలోపే, “యువశ్రీ పెద్దపిల్ల అవుతా ఉంది. రేపు మంచి ఇంట్లో అడగాలంటే ఈ ఇంటి పేరు నిలబడాల. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది, అది మాత్రం మనసులో పెట్టుకో” అంది. ఏం చించుకోవద్దంటోందో నాకప్పుడు అర్థం కాలేదు. మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు నేనూ లోపలికి వస్తానన్నాను. “ఇంతమంది ఎందుకు? నువ్వు పోయి మందుల షాపులో నిలబడు, అక్కడ జనం కూట్టం ఎక్కువ ఉంది” అని మామ చీటీ చేతిలో పెట్టాడు. ఆ రోజు నుంచి నాకు పని మానేయమని కూడా మొదలైంది. “మొగుడి ప్రాణం కన్నా ఆ గుడ్డలు ముఖ్యమా?” మొగుడి ప్రాణం గురించి ఆ ఇంట్లో నోరు తెరవబోయింది నేనొక్కదాన్నే.

ఆదివారం పొద్దున ఆయన దోసె ముందు కూర్చుని తుంచిన ముక్క అలాగే పట్టుకుని ఆగిపోయాడు. ఛాతీ పట్టుకున్నాడు. ఎడమ చేయి లాగుతోందన్నాడు. దవడ లాగుతోందన్నాడు. చొక్కా చూస్తుండగానే చెమటకు తడిసిపోయింది. “గ్యాసు. ఇంగువ నీళ్ళు కలుపు” అంది అత్త. నేను పొయ్యి ఆర్పి ఎదురింటి కారు పిలిచాను. యువశ్రీని ఎదురింట్లో వదిలాను. తెన్‌కాశి రోడ్డు మీద కొత్తగా కట్టిన ఆస్పత్రికి తీసుకెళ్ళమని డ్రైవరుకు చెప్పింది కూడా నేనే. ఎప్పుడూ చూపించుకునే డాక్టరు దగ్గరికి వెళ్తే మళ్ళీ పంజనే అంటాడు.

ఎమర్జెన్సీలో ఉన్నది చిన్న వయసు డాక్టరు, ఇళవరసి అని కోటు మీద పేరుంది. ఈసీజీ కాగితం చేత్తో పట్టుకుని చాలాసేపు చూసింది. “ఈ వయసుకు ఇలా ఉండకూడదు. సిగరెట్టు, తాగుడు, ఇంకేమైనా అలవాట్లు ఉన్నాయా?” అని తమిళంలో అడిగింది.

“ఐయో డాక్టరమ్మా, మావాడు వక్క కూడా నమలడు” అంది అత్త. “అంతా, ఎల్లాం పంజే. కోడలు కంపెనీకి పోతుంది, అది తెచ్చేదే.”

“దూదితో గుండె ఇలా కొట్టుకోదమ్మా. గుండె వేగం తగ్గించడానికి ఇంజెక్షన్ వేద్దామనుకుంటున్నాను. కానీ మత్తుమందు ఏదైనా తీసుకుని ఉంటే ఈ ఇంజెక్షనే ఎదురు తిరగొచ్చు. ప్రాణానికే మోసం. అందుకే మళ్ళీ అడుగుతున్నాను.”

“అడిగిందే ఎన్నిసార్లు అడుగుతారు?” మామ గొంతు పెంచాడు. “మాది ఏ ఇల్లో ఊళ్ళో ఎవుర్నన్నా అడగండి. మా ఇంట్లో అదెల్లాం లేదు. మీరు వెయ్యండి.”

నేను గుమ్మం దగ్గర సంచి పట్టుకుని నిలబడి ఉన్నాను. మంచం మీద నుంచి ఆయన నన్నే చూస్తున్నాడు. వద్దని ఆ కళ్ళు. నర్సు ట్రేలో మందు తీసుకొచ్చి పెట్టింది. డాక్టరు దాన్ని చేతిలోకి తీసుకుంది. పాప తల మీద ఒట్టు గుర్తొచ్చింది. పాప ముఖం గుర్తొచ్చింది. ఆ పాపకు ఉన్నది ఒక్క నాన్నే కదా, తల మీద ఒట్లకు ఏముంది, ఎన్నైనా ఉంటాయి. ఇంటి పేరు నిలబడటానికి ఈ మనిషి పోతాడా? ఆయన పోతే రేపు ఊళ్ళో ఏమంటారు? పెళ్ళాం తలమీది పంజు పోయి మొగుణ్ణి మింగిందంటారు. నవ్వు కూడా వచ్చింది, ఆ సమయంలో.

సంచి కింద పెట్టి లోపలికి నడిచాను.

“డాక్టర్, ఆయన కొకైన్ తాగుతారు. రాయి మాదిరి ఉండేది, పొగ తాగేది. బొంబాయిలో నేర్చుకున్నారు. నిన్న కూడా మిద్దె గదిలో ఉన్నారు. ఆ ఇంజెక్షన్ వద్దు.”

డాక్టరు మందు ట్రేలోకి తిరిగి పెట్టేసి నర్సుకు వేరే పేరు ఏదో చెప్పింది. మామ “ఏయ్!” అన్నాడు. అత్త గోడ పట్టుకుంది. ఆయన కళ్ళు మూసుకున్నాడు, ఆ కళ్ళ చివర నుంచి నీళ్ళు చెవుల్లోకి జారాయి. తుడవాలనిపించింది. నన్ను బయటికి పంపేశారు. ఈసారి అందర్నీ పంపేశారు.

బతికాడు. గుండె మాత్రం సగం బలంతోనే కొడుతోందంది డాక్టరు. నన్ను ఒక్కదాన్నే తన గదిలోకి పిలిచి కూర్చోమంది. ఒక డాక్టరు ఎదురుగా కుర్చీలో కూర్చోవడం ప్రసవం తర్వాత నాకదే మొదలు. ఆ పొగ గుండె నరాలను బిగించేస్తుందనీ, వయసుతో పని లేకుండా గుండె ఆగిపోవచ్చనీ, మెదడులో నరం చిట్లి పక్షవాతం రావచ్చనీ చెప్పింది. ఆ నల్ల కళ్ళె, రక్తం, ఊపిరితిత్తులు కాలడం వల్లేనంది. నిద్ర లేకపోవడం, తిండి పోవడం, చర్మం కింద పురుగులు, ఎవరో వెంటపడుతున్నారన్న అనుమానం...

“అనుమానం కూడానా డాక్టర్?” అని అడిగాను.

“అవునమ్మా. భార్యను అనుమానించడం చాలామందిలో చూస్తాం. అది ఆ మందు చేసే పనే.”

అప్పుడు ఏడ్చాను. ఛాతీ పట్టుకున్నప్పుడు రాని ఏడుపు, ఐసీయూ అద్దంలోంచి చూసినప్పుడు రాని ఏడుపు, ఆ కుర్చీలో వచ్చింది. నా నడకలో ఏమీ లేదు. నా సాంబారులో ఏమీ లేదు. ఎవరైనా ఒక్కరు, ఒక్కసారి నాకీ మాట చెప్పి ఉంటే!

బయటికి వస్తే అత్త బెంచీ మీద ఒంటరిగా కూర్చుని ఉంది. తిడుతుందనుకున్నాను. పక్కన కూర్చోమని బెంచీ మీద చేత్తో తట్టింది. నా వైపు చూడకుండానే అంది.

“నాకు తెలుసమ్మా.”

“ఏం తెలుసత్తా?”

“ఆ గాజు గొట్టం. నీకంటే ముందే నేను చూసినాను. పోయిన ఏడు, మిద్దె రూము ఊడ్చేటప్పుడు. వాణ్ణి అడిగితే కాళ్ళ మీద పడినాడు. మీ మామకు కూడా తెలుసు.”

పెరట్లో పోసుకున్న చన్నీళ్ళన్నీ ఒక్కసారే మీద పడినట్టయింది.

“మరి నన్నెందుకత్తా...”

“ఊరికి ఏదో ఒకటి చెప్పాల కదా. వాడు అట్ల దగ్గుతా ఉంటే, అట్ల చిక్కిపోతా ఉంటే, అందురూ అడుగుతారు. నీ తల మీద పంజు అందురికీ కనపడుతుంది.” కొంగుతో మొహం తుడుచుకుంది. “నేను తల్లిని. ఏమి చేసేది?”

ఆమె ఏడుపు అబద్ధం కాదు. అదే నాకు ఎక్కువ బాధ. నన్ను ద్వేషించి చేసి ఉంటే నేనూ హాయిగా ద్వేషించేదాన్ని. ఆయన అనుమానానికి మందు కారణమంది డాక్టరు. ఈమె దేన్ని తాగిందని చెప్పను? అత్తా మామా ఇద్దరూ మెలకువతో, కాఫీ తాగుతూ కూర్చుని, కొడుకు రోగానికి కోడలి తల సరిపోతుందని నిర్ణయించుకున్నారు. సరిపోయింది కూడా. ఊరంతా నమ్మింది. కొడుకు మాత్రం లోపల్లోపల కాలిపోతూనే ఉన్నాడు. ఏడాది ముందే చెప్పి ఉంటే ఆయన గుండె మొత్తం మిగిలేది కదా అత్తా అని అడగాలనుకున్నాను. ఆమె ముఖం చూసి అడగలేకపోయాను. అది ఆమెకూ తెలుసు.

ఆయన్ను వార్డుకు మార్చాక డాక్టరు అందరినీ పిలిచి చెప్పింది. మదురైలో ఈ అలవాటు మాన్పించడానికి వేరే వార్డు ఉంది, నెలల తరబడి ఉండాలి. ఇంకొక్కసారి ఆ పొగ పీల్చితే తనేమీ హామీ ఇవ్వలేదు. “ఏం చేద్దాం?”

“ఇంటికే పోదాం” అన్నాడు ఆయన. గొంతు సన్నగా ఉంది. “అక్కడ పిచ్చోళ్ళ మధ్యన నేను ఉండలేను. జెయంతి చూసుకుంటుంది.”

“అవును, అది ఇంట్లోనే ఉండి చూసుకుంటుంది” అన్నాడు మామ. “సుందరరాజన్‌కు పొద్దునే ఫోన్ చేసి చెప్పేసినాను. పంజు మావాడికి ఒత్తుకోవడం లేదు, ఒంటికి పడటం లేదు, ఇంక జెయంతి పనికి రాదు అని.”

ఎవరి పని, ఎవరు మానేశారు, ఎవరు చెప్పారు. మళ్ళీ పంజే! అంతా అయిపోయాక కూడా.

డాక్టరు నా వైపు తిరిగింది. “మీరేమంటారు?”

ఆయన చేయి నా చేతిలో ఉంది. ఆ కాలిన బొటనవేలు గరుకుగా తగులుతోంది. నాకు ఆయన మీద ప్రేమ లేదని ఎవరైనా అంటే చెంప పగలగొడతాను. ఇంటికి తీసుకెళ్తే ఏమవుతుందో నాకు కనిపిస్తూనే ఉంది. తలుపు దగ్గర నేను, తలుపు అవతల ఆయన, ఏడుపులు, ఒట్లు, ఒక మధ్యాహ్నం నేను కునుకు తీస్తే మిద్దె గది, ఆ తర్వాత “ఇది సరిగ్గా చూసుకోలేదు” అన్న మాట. ఆ మాట కూడా వాళ్ళు ఇప్పటికే సిద్ధం చేసుకుని ఉంటారు.

“మదురైకి పంపండి డాక్టర్” అన్నాను. “నేను డాక్టర్ని కాను. నా కాపలాతో ఆయన బతకరు.”

“జెయంతీ...” అన్నాడు.

“ప్రతి ఆదివారం వస్తానండీ. పాపను కూడా తీసుకొస్తాను.” ఆయన చేయి మంచం మీద మెల్లగా పెట్టాను. ఆయన ముఖం అటు తిప్పుకున్నాడు. ఆ మెడ ఎంత సన్నబడిపోయిందో, చూసి నా మాట వెనక్కి తీసుకోవాలనిపించింది. తీసుకోలేదు.

వరండాలోకి వచ్చి ఫోన్ తీశాను. అత్త వెనకే వచ్చింది. “ఎవురికి?” అంది. సుందరరాజన్ మామకని చెప్పాను. ఆమె నా చేయి పట్టుకుంది, గట్టిగా కాదు. “చెప్పవద్దమ్మా. యువశ్రీ కోసమన్నా.” నేను విడిపించుకోలేదు, రెండో చేత్తో నొక్కాను.

అవతల సుందరరాజన్ మామ గొంతు కంగారుగా ఉంది. “ఏమ్మా, సెంథిల్‌కు ఎట్ల ఉంది? నీ పంజు వల్లే అంత దూరం పోయిందంట కదా, శ్రీరంగన్ చెప్పినాడు.”

“కాదు మామా” అన్నాను. “ఆయన కొకైన్ తాగినారు. దానివల్ల గుండె చెడిపోయింది. మదురైలో చేర్చుతా ఉన్నాం. నేను రేపు పొద్దున పనికి వస్తాను.”